లెక్క ఇచ్చినవారికి ఏం దక్కింది?

ప్రసవం తరువాత అధిక రక్తస్రావం వల్ల ప్రపంచవ్యాప్తంగా ఏటా దాదాపు 45,000 మంది స్త్రీలు మరణిస్తున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఈ మరణాలను ఆపడానికి కొత్త మందు కనిపెట్టవలసిన పని లేదు. గర్భసంచి గట్టిగా ముడుచుకునేలా చేసే ఆక్సిటోసిన్ దశాబ్దాలుగా వాడుకలో ఉంది. రక్తం గడ్డకట్టిన చోట అది కరిగిపోకుండా కాపాడే ట్రానెక్సామిక్ యాసిడ్‌ను ప్రసవమైన మూడు గంటల లోపు ఇస్తే, రక్తస్రావం వల్ల కలిగే మరణాలు దాదాపు మూడో వంతు తగ్గుతాయని 20,000 మందికి పైగా స్త్రీలు పాల్గొన్న ఒక పెద్ద అధ్యయనం 2017లోనే తేల్చింది. మందులు ఉన్నాయి, అవి ఖరీదైనవీ కావు, అయినా మరణాలు ఆగలేదు. మందు ఇవ్వాలంటే ముందుగా ప్రమాదం ముంచుకొచ్చిందని ఎవరో ఒకరు గుర్తించాలి. పోయిన రక్తం ఎంతో కంటితో చూసి అంచనా కట్టే పద్ధతి కొనసాగినంత కాలం, ఆ గుర్తింపు సగం మంది విషయంలో జరగనే లేదు.

సగం మంది అన్నది అలంకారం కోసం అన్న మాట కాదు. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియా దేశాల్లోని 80 ఆసుపత్రుల్లో, రెండు లక్షలకు పైగా సాధారణ ప్రసవాలపై జరిగిన ఈ-మోటివ్ అధ్యయనం ఫలితాలు 2023 మే నెలలో వెలువడ్డాయి. పాత పద్ధతి కొనసాగిన ఆసుపత్రుల్లో అధిక రక్తస్రావాన్ని సిబ్బంది గుర్తించినది 51 శాతం సందర్భాల్లోనే. మిగిలిన ఆసుపత్రుల్లో, ప్రసవమైన వెంటనే తల్లి నడుము కింద కొలత గీతలున్న ఒక ప్లాస్టిక్ షీటును పరిచారు. దాని చివర సంచిలా ఉన్న భాగంలోకి రక్తం చేరుతుంది, ఎన్ని మిల్లీలీటర్లు చేరిందో గీతను చూసి చెప్పవచ్చు. అక్కడ గుర్తింపు 93 శాతానికి చేరింది. గుర్తించగానే గర్భసంచిని మర్దనా చేయడం, ఆక్సిటోసిన్, ట్రానెక్సామిక్ యాసిడ్, సెలైన్, రక్తం ఎక్కడి నుంచి వస్తున్నదో పరీక్షించి అవసరమైతే పై స్థాయి వైద్యానికి తరలించడం అనే చర్యలన్నిటినీ ఒకదాని ఫలితం కోసం ఎదురు చూడకుండా ఒకేసారి మొదలుపెట్టారు. ఒక లీటరు లేదా అంతకు మించి రక్తం పోవడం, రక్తస్రావం ఆపడానికి కడుపు కోయవలసి రావడం, రక్తస్రావంతో మరణించడం అనే తీవ్ర పరిణామాలు 4.3 శాతం నుంచి 1.6 శాతానికి, అంటే దాదాపు 60 శాతం తగ్గాయి.

2025 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ గైనకాలజిస్టుల సమాఖ్య, అంతర్జాతీయ మంత్రసానుల సమాఖ్య కలిసి విడుదల చేసిన మార్గదర్శకాలు ఈ పద్ధతిని ప్రపంచమంతటికీ సిఫారసు చేశాయి. అంతేకాకుండా, 500 మిల్లీలీటర్ల రక్తం పోయేదాకా ఆగనక్కరలేదని, 300 మిల్లీలీటర్లు పోయి నాడిలోనో రక్తపోటులోనో తేడా కనిపించినా చికిత్స మొదలుపెట్టాలని చెప్పాయి. ఇటీవలి కాలపు ప్రజారోగ్య పరిశోధనల్లో నాకు అన్నిటికన్నా నచ్చినది ఇదే. ఇందులో గొప్ప సాంకేతికత లేకపోవడం కాదు నా కారణం. ఆ గీత దగ్గర చదివిన అంకె చదివిన మనిషికే పనికొస్తుంది. ఏ తల్లి నుంచి ఆ కొలత తీసుకున్నారో ఆ తల్లికే, ఆ మంచం మీదనే, కొన్ని నిమిషాల్లోనే దాని ఫలం అందుతుంది. ప్రపంచ ప్రజారోగ్యంలో పోగయ్యే అంకెల్లో ఇలాంటివి చాలా తక్కువ. మిగిలినవన్నీ ఎక్కడో పుట్టి, మరెక్కడో పట్టికలకెక్కి, వాటిని ఇచ్చినవారి దగ్గరకు తిరిగి రావడానికి ఏళ్లు తీసుకుంటాయి; కొన్నిసార్లు రానే రావు. గత రెండేళ్లలో ప్రపంచ ఆరోగ్య రంగంలో జరిగిన మార్పులను నేను చూస్తున్నది ఈ కోణం నుంచి: లెక్క ఎవరు ఇచ్చారు, దానికి బదులుగా వారికి ఏం దక్కింది?

జనన మరణాల నమోదు సరిగా లేని దేశాల్లో ఎంతమంది పిల్లలు ఐదేళ్లు నిండకుండా చనిపోతున్నారో తెలుసుకోవడం ఎలా? 1984లో అమెరికా అంతర్జాతీయ అభివృద్ధి సంస్థ, అంటే యూఎస్‌ఎయిడ్, ప్రారంభించిన జనాభా ఆరోగ్య సర్వేలు దీనికి ఒక దారి చూపాయి. శిక్షణ పొందిన మహిళలు ఎంపిక చేసిన ఇళ్లకు వెళ్లి, తల్లులతో కూర్చుని, వారు కన్న ప్రతి బిడ్డ గురించీ వరుసగా అడుగుతారు: బిడ్డ పేరు, పుట్టిన నెల, ఏడాది, ఆడా మగా, ఇప్పుడు బతికి ఉందా, లేకపోతే ఎంత వయసులో పోయింది. అలా వేల మంది తల్లులు చెప్పిన జవాబుల నుంచి ఆ దేశపు శిశు మరణాల రేటును లెక్కగడతారు. ప్రసవ సమయపు మరణాలను లెక్కించడం ఇంకా కష్టం, ఎందుకంటే చనిపోయిన స్త్రీని అడగలేము. అందుకని ఒకే తల్లి కడుపున పుట్టిన అక్కచెల్లెళ్ల గురించి అడుగుతారు: ఎంతమంది ఉన్నారు, ఎవరైనా పోయారా, పోయినప్పుడు గర్భంతో ఉన్నారా, ప్రసవంలోనా, ఆ తరువాతనా. 90కి పైగా దేశాల్లో 400కు పైగా సర్వేలు ఈ విధంగా జరిగాయి. ఐక్యరాజ్యసమితి ఇచ్చే పెద్ద అంచనాలకు, ఉదాహరణకు 2023లో ఐదేళ్లలోపు పిల్లలు 48 లక్షల మంది మరణించారన్నదానికీ, అదే ఏడాది 2,60,000 మంది తల్లులు గర్భం, ప్రసవ సంబంధిత కారణాలతో మరణించారన్నదానికీ, పేద దేశాల విషయంలో ముడి సరుకు చాలావరకు ఇలాంటి సర్వేలే.

బిడ్డను పోగొట్టుకున్న తల్లి, తెలియని మనిషి ముందు ఆ బిడ్డ పేరును, పోయిన నెలను చెప్పడమంటే చిన్న విషయం కాదు. దానికి ప్రతిఫలంగా ఆమెకు దక్కేది బహుస్వల్పం. రక్తహీనత పరీక్ష ఫలితాన్ని అక్కడికక్కడే చెబుతారు, తీవ్రంగా ఉంటే ఆసుపత్రికి వెళ్లమంటారు. హెచ్‌ఐవీ విషయంలో మాత్రం, చాలా ఏళ్లపాటు పేరు జతచేయకుండా రక్తపు చుక్కను తీసుకుని, ఫలితాన్ని ఇచ్చినవారికి చెప్పకుండానే దేశం మొత్తం మీద వ్యాప్తిని లెక్కించారు. అది సరైన పనేనా అన్న చర్చ పరిశోధకుల మధ్య సుదీర్ఘంగా నడిచింది, తరువాత పద్ధతి మారింది కూడా. నా అభిప్రాయంలో ఆ సర్వేల అసలు ప్రతిఫలం పరోక్షమైనది: ఏ జిల్లాలో టీకాలు అందడం లేదో, ఏ వర్గపు తల్లులు ఇంట్లోనే ప్రసవిస్తున్నారో ప్రభుత్వాలు కాదనలేని విధంగా కాగితం మీదకు రావడం. ఆ సర్వేల సమాచారాన్ని ఎవరైనా ఉచితంగా తీసుకుని విశ్లేషించే వీలుండడం వల్ల, ప్రభుత్వం చెప్పిన అంకెను పరీక్షించి చూడడం ఆ దేశపు విద్యార్థికి కూడా సాధ్యమైంది.

2025 ఫిబ్రవరిలో ఈ కార్యక్రమానికి అమెరికా నిధులు నిలిచిపోయాయి. జనవరి 20న విదేశీ సహాయాన్ని స్తంభింపజేస్తూ వెలువడిన ఉత్తర్వు తరువాత రద్దయిన వేలాది ఒప్పందాల్లో ఇదొకటి. పలు దేశాల్లో సర్వేలు సగంలో ఉన్నాయి. వాటిని పూర్తి చేయడానికి గేట్స్ ఫౌండేషన్ తాత్కాలికంగా 2.5 కోట్ల డాలర్లు ఇచ్చింది. ఆ ఏడాది జులై 1న యూఎస్‌ఎయిడ్ అధికారికంగా మూతపడింది. మందుల కొరత, మూతపడిన క్లినిక్కులు, ఉద్యోగాలు పోయిన ఆరోగ్య కార్యకర్తల గురించి పత్రికల్లో విస్తారంగా వచ్చింది, రావలసిందే. సర్వేల సంగతి మాత్రం లోపలి పేజీల్లోనే మిగిలింది. నాకది పొరపాటుగా తోస్తుంది, ఎందుకంటే మందు ఆగితే జరిగే నష్టాన్ని చూపించగలిగిన సాధనం కూడా మందుతో పాటే ఆగిపోయింది.

ఈ మాట ఎంత నిజమో అదే ఏడాది జూన్ నెలాఖరున లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక అధ్యయనాన్ని చూస్తే అర్థమవుతుంది. 133 దేశాల్లో 2001 నుంచి 2021 వరకు యూఎస్‌ఎయిడ్ నిధులకు, మరణాల రేటుకు ఉన్న సంబంధాన్ని పరిశీలించిన రచయితలు, ఆ కాలంలో సుమారు 9.1 కోట్ల మరణాలు తప్పాయని, కోతలు ఇలాగే కొనసాగితే 2030 నాటికి అదనంగా 1.4 కోట్ల మందికి పైగా మరణించవచ్చని, వారిలో సుమారు 45 లక్షల మంది ఐదేళ్లలోపు పిల్లలని అంచనా వేశారు. ప్రపంచమంతా ఈ 1.4 కోట్ల అంకెనే పట్టుకుంది. రచయితలు స్వయంగా ఇచ్చిన అనిశ్చితి పరిధి దాదాపు 85 లక్షల నుంచి 1.97 కోట్ల వరకు ఉందని చెప్పినవారు తక్కువ. అంత వెడల్పైన పరిధి ఉన్న అంచనాను వ్యాసంలో 1,40,51,750 అని పదుల స్థానం వరకు ముద్రించడం నాకు కొంచెం వింతగానే అనిపించింది. ఇది గతంలోని సంబంధాన్ని భవిష్యత్తులోకి సాగదీసిన నమూనా. దేశాలు సొంత డబ్బు పెట్టుకుంటే, ఇతర దాతలు ముందుకొస్తే ఫలితం మారుతుంది. మరోవైపు బ్రిటన్ సహితం తన సహాయాన్ని జాతీయాదాయంలో 0.5 శాతం నుంచి 2027 నాటికి 0.3 శాతానికి తగ్గించుకుంటోంది కాబట్టి, వాస్తవం ఇంతకన్నా చెడ్డగా ఉండే అవకాశమూ ఉంది. ఇక 2025 డిసెంబరులో గేట్స్ ఫౌండేషన్ విడుదల చేసిన నివేదిక, ఈ శతాబ్దంలో మొదటిసారిగా పిల్లల మరణాలు ఒక ఏడాదిలో పెరిగి, 2024లో ఉన్న 46 లక్షల నుంచి 2025లో 48 లక్షలకు చేరనున్నాయని చెప్పింది. ఇదీ అంచనాయే. ఈ అంచనాల్లో ఏది నిజమైందో 2030లో తేల్చి చెప్పాలంటే, ఎవరో ఒకరు మళ్లీ ఆ ఇళ్లకు వెళ్లి ఆ తల్లులను అడగాలి.

కొలత ఎంత జాగ్రత్తగా చేయవచ్చో, దాని ఫలం ఎంత వంకరగా పంచబడుతుందో రెండూ ఒకే చోట చూడాలంటే లెనకాపవిర్ కథను చూడాలి. హెచ్‌ఐవీ సోకకుండా ఆరు నెలలకొకసారి చర్మం కింద ఇచ్చే ఈ ఇంజెక్షన్‌ను దక్షిణాఫ్రికా, ఉగాండా దేశాల్లో 16 నుంచి 25 ఏళ్ల వయసున్న ఐదు వేల మందికి పైగా యువతుల్లో పరీక్షించారు. ఇంజెక్షన్ తీసుకున్న 2,134 మందిలో ఒక్కరికీ హెచ్‌ఐవీ సోకలేదు. రోజూ వేసుకునే రెండు రకాల మాత్రల్లో ఒకదాన్ని తీసుకున్న 2,136 మందిలో 39 మందికి, మరొకదాన్ని తీసుకున్న 1,068 మందిలో 16 మందికి సోకింది. ఇప్పటికే పనిచేసే మాత్రలు ఉండగా కొందరికి ఉత్తుత్తి మందు ఇచ్చి చూడడం అన్యాయం కనుక, పరిశోధకులు మరో దారి ఎంచుకున్నారు. అధ్యయనంలో చేరడానికి వచ్చిన 8,094 మందికి హెచ్‌ఐవీ పరీక్ష చేసి, సోకినవారిలో ఎవరికి ఇటీవలే సోకిందో ప్రయోగశాలలో గుర్తించి, దాని ఆధారంగా ఆ ప్రాంతంలో ఏడాదికి నూటికి 2.41 మంది చొప్పున కొత్తగా సోకుతోందని లెక్కగట్టారు. ఆ లెక్కతో ఇంజెక్షన్ ఫలితాన్ని పోల్చారు. మాత్రలు ఎందుకు ఓడిపోయాయో తెలుసుకోవడానికి ఎండబెట్టిన రక్తపు చుక్కల్లో మందు మోతాదును కొలిచి, చాలామంది వాటిని రోజూ వేసుకోవడం లేదని నిర్ధారించారు. మాత్రల సీసా ఇంట్లో కనిపిస్తే ఎదురయ్యే ప్రశ్నలు, అనుమానాలు ఊహించగలిగిన వారికి ఇది ఆశ్చర్యం కలిగించదు. 2024 జూన్‌లో మధ్యంతర ఫలితాలు చూసిన స్వతంత్ర కమిటీ సిఫారసు మేరకు, అధ్యయనంలో ఉన్న యువతులందరికీ అదే ఇంజెక్షన్ తీసుకునే అవకాశం ఇచ్చారు. లెక్క ఇచ్చినవారికి ఫలం దక్కడమంటే ఇదే.

రెండో అధ్యయనం విషయానికి వస్తే కథ మారుతుంది. పురుషులతో సంబంధాలున్న పురుషులు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులలో జరిగిన ఆ పరీక్షలో ఇంజెక్షన్ తీసుకున్న 2,179 మందిలో ఇద్దరికే హెచ్‌ఐవీ సోకింది. బ్రెజిల్, అర్జెంటీనా, మెక్సికో, పెరూ దేశాల వాలంటీర్లు అందులో పాల్గొన్నారు. 2024 అక్టోబరులో ఈ ఇంజెక్షన్‌ను తయారుచేసే గిలియడ్ కంపెనీ ఆరు జెనరిక్ తయారీ సంస్థలకు లైసెన్సు ఇచ్చి, 120 దేశాల్లో చౌక మందు అమ్ముకోవడానికి అనుమతించినప్పుడు, ఆ జాబితాలో ఈ నాలుగు దేశాలూ లేవు. ఆదాయ స్థాయి మధ్యస్థంగా ఉన్న దేశాలు ధరను విడిగా బేరమాడుకోవాలన్నది కంపెనీల వాదన. వ్యాపార దృష్టితో ఆ వాదన అర్థం కాకపోదు. కానీ ఒక మందు పనిచేస్తుందని రుజువు చేయడానికి తమ శరీరాలను ఇచ్చిన జనం ఉన్న దేశాలు చౌక ధర దగ్గరకు వచ్చేసరికి లెక్కలోకి రాకపోవడాన్ని నేను సమర్థించలేను. పరీక్షకు అనుమతి ఇచ్చే దశలోనే, మందు పనిచేస్తే ఏ ధరకు అందుతుందో రాతపూర్వకంగా తేల్చుకోవడం ఆ దేశాల నియంత్రణ సంస్థలు ఇకపై చేయవలసిన పని.

ధరల తేడా చిన్నదేమీ కాదు. 2025 జూన్ 18న అమెరికాలో అనుమతి లభించినప్పుడు అక్కడ ఏడాదికి ప్రకటించిన ధర 28,218 డాలర్లు. అదే ఏడాది సెప్టెంబరులో డాక్టర్ రెడ్డీస్, హెటిరో సంస్థలు వేర్వేరు ఒప్పందాల కింద, 2027 నుంచి లైసెన్సు ఉన్న దేశాలకు ఏడాదికి సుమారు 40 డాలర్లకు సరఫరా చేస్తామని ప్రకటించాయి. నవంబరులో మొదటి డోసులు ఎస్వాతినీ, జాంబియాలకు చేరాయి. ఎయిడ్స్, క్షయ, మలేరియాలపై పోరుకు డబ్బు సమకూర్చే గ్లోబల్ ఫండ్, అమెరికా ప్రభుత్వం కలిసి మూడేళ్లలో 20 లక్షల మందికి అందిస్తామన్నాయి. అయితే తన డబ్బుతో ప్రధానంగా గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు ఇస్తామని అమెరికా చెప్పింది. 2024లో కొత్తగా హెచ్‌ఐవీ సోకినవారు 13 లక్షల మంది. 2025 నాటికి ఆ సంఖ్యను 3,70,000 లోపుకు తేవాలన్నది లక్ష్యం. ఎవరికి ఎక్కువగా సోకుతోందో తెలిసి కూడా, వారిని వదిలి ఆమోదయోగ్యంగా కనిపించేవారికి ముందు ఇవ్వడం లెక్కను ధిక్కరించడమే. 2025 జులైలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన సిఫారసుల్లో అంతగా చర్చకు రాని ఒక మంచి అంశం ఉంది: ఇంజెక్షన్ మొదలుపెట్టడానికి వైరస్ జన్యు పదార్థాన్ని వెతికే ఖరీదైన పరీక్ష అక్కరలేదని, సాధారణ ర్యాపిడ్ టెస్టు చాలని అది చెప్పింది. కొలత చౌకైతే మందు ఊరి క్లినిక్కు దాకా వెళ్తుంది.

మలేరియా టీకాల విషయంలో లెక్కే నిర్ణయాన్ని మార్చింది. ఆర్‌టీఎస్,ఎస్ టీకా జబ్బును పాక్షికంగానే ఆపుతుందని ముందే తెలుసు కనుక, దానికి డబ్బు ఖర్చు పెట్టడం సబబేనా అన్న సందేహం చాలామందికి ఉండేది. 2019 నుంచి ఘనా, కెన్యా, మలావీలలో దాదాపు నాలుగేళ్ల పాటు 20 లక్షల మంది పిల్లలకు ఇచ్చి, గ్రామాల్లో జరిగే ప్రతి శిశు మరణాన్నీ నమోదు చేసే ఏర్పాటు చేసి చూస్తే, టీకాకు అర్హత ఉన్న వయసు పిల్లల్లో గాయాలు మినహా అన్ని కారణాల మరణాలూ 13 శాతం తగ్గాయి. ఒకే ఒక్క టీకాతో ఏ జబ్బు పేరూ అడగకుండా మొత్తం మరణాలు అంత తగ్గడం అరుదు. ఆ తరువాత 2023 అక్టోబరులో ఆర్21 టీకాకూ సిఫారసు లభించింది, 2024 జనవరి 22న కామెరూన్‌లో సాధారణ టీకా కార్యక్రమం మొదలైంది, ఇప్పుడు 20కి పైగా ఆఫ్రికా దేశాల్లో టీకాలు వేస్తున్నారు. నాలుగు డాలర్ల దరిదాపుల్లో ఉన్న ఆర్21 డోసు ధరను మూడు డాలర్ల లోపుకు తెచ్చే ఒప్పందం 2025 నవంబరులో కుదిరింది. అయినా 2024లో 28.2 కోట్ల కేసులు, 6,10,000 మరణాలు నమోదయ్యాయని అంచనా, అంటే అంతకు ముందటి ఏడాది కన్నా ఎక్కువే. అదే సమయంలో టీకాలు కొనే గావి సంస్థకు 2025 జూన్‌లో 11.9 బిలియన్ డాలర్లు కావలసి ఉండగా 9 బిలియన్లకు కొంచెం పైన మాత్రమే హామీలు వచ్చాయి. గ్లోబల్ ఫండ్‌కు నవంబరులో 18 బిలియన్లకు గాను 11.34 బిలియన్ల హామీలే లభించాయి.

రోగాలను కనిపెట్టే ప్రయోగశాలల పరిస్థితీ అంతే. తట్టు, రుబెల్లా నమూనాలను పరీక్షించే 700కు పైగా ప్రయోగశాలల ప్రపంచ వ్యవస్థ ఏటా సుమారు 80 లక్షల డాలర్లతో నడిచేది, ఆ డబ్బంతా అమెరికాదే. అంత పెద్ద వ్యవస్థను ఒకే దాత మీద నిలబెట్టడం దూరదృష్టి లేని పని అని ఇప్పుడు అనడం తేలికే, కానీ అంత చిన్న మొత్తాన్ని పంచుకోవడానికి మిగిలిన సంపన్న దేశాలు ఇన్నేళ్లూ ఎందుకు ముందుకు రాలేదన్నది అడగవలసిన ప్రశ్న. 2025 నవంబరులో కెనడా తట్టును నిర్మూలించిన దేశం అన్న హోదాను కోల్పోయింది కాబట్టి ఇది పేద దేశాల సమస్య మాత్రమే కాదు. రోగాన్ని ముందే కనిపెట్టే పరీక్షల విలువ ఏమిటో గాజా చూపింది. 2024లో అక్కడ పక్షవాతం వచ్చిన బిడ్డకు పోలియో అని ఆగస్టులో నిర్ధారణ కావడానికి నెల ముందే, మురుగునీటి నమూనాలు వైరస్ ఉనికిని చెప్పాయి. యుద్ధం మధ్యలోనే సెప్టెంబరు ఆరంభంలో అయిదున్నర లక్షల మంది పిల్లలకు చుక్కలు వేయగలిగారు.

హెచ్చరిక ఇచ్చిన దేశానికి ప్రపంచం ఏం చేస్తుంది అన్న ప్రశ్నకు చరిత్రలో రెండు చేదు జవాబులు ఉన్నాయి. ఇండోనేషియా పంపిన బర్డ్ ఫ్లూ వైరస్ నమూనాతో ఒక ఆస్ట్రేలియా కంపెనీ టీకా తయారు చేస్తోందని, ఆ టీకాను కొనే స్తోమత తమకే లేదని తెలిసినప్పుడు, ఆ దేశ ఆరోగ్య మంత్రి సితి ఫాదిలా సుపారి 2007లో నమూనాలు పంపడం ఆపేశారు. శాస్త్రవేత్తలు చాలామంది ఆమెను నిందించారు. అయితే ఫ్లూ వైరస్‌లు పంచుకున్న దేశాలకు టీకాల్లో వాటా ఉండాలన్న అంతర్జాతీయ ఏర్పాటు 2011లో వచ్చిందంటే అది ఆ మొండితనం వల్లనే. రెండోది 2021 నవంబరు నాటిది. ఒమిక్రాన్ రకాన్ని దక్షిణాఫ్రికా, బోట్స్వానా శాస్త్రవేత్తలు గుర్తించి, వెంటనే ప్రపంచానికి చెబితే, రెండు మూడు రోజుల్లోనే సంపన్న దేశాలు అటు నుంచి వచ్చే విమానాలను నిషేధించాయి. నిజం చెప్పినందుకు వేసిన జరిమానా అది.

2025 మే 20న ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ్యదేశాల వార్షిక సమావేశమైన ప్రపంచ ఆరోగ్య సభ ఆమోదించిన మహమ్మారి ఒప్పందాన్ని ఈ నేపథ్యంలో చదవాలి. మూడేళ్లకు పైగా సాగిన చర్చల తరువాత, కమిటీ స్థాయిలో 124 దేశాలు అనుకూలంగా ఓటేశాయి, 11 దేశాలు తటస్థంగా ఉన్నాయి, వ్యతిరేకంగా ఒక్క ఓటూ పడలేదు. ఒప్పందంలో ఎన్నో అధికరణాలు ఉన్నా, గుండెకాయ 12వది. వైరస్‌ను, దాని జన్యు సమాచారాన్ని త్వరగా పంచుకోవాలి. ఆ వ్యవస్థలో చేరిన తయారీదారులు, మహమ్మారి సమయంలో తాము తయారు చేసే టీకాలు, మందులు, పరీక్షా కిట్లలో 20 శాతాన్ని ఎప్పటికప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థకు అందుబాటులో ఉంచాలి, అందులో కనీసం 10 శాతం విరాళంగా, మిగిలింది అందుబాటు ధరకు. సూత్రప్రాయంగా ఇది లెక్క ఇచ్చినవారికి వాటా అన్న మాటను మొదటిసారిగా ఫ్లూను దాటించి చట్టంలోకి తెచ్చింది. అయితే ఎవరు ఏ షరతులతో నమూనా ఇస్తారు, కంపెనీ దేనికి సంతకం చేస్తుంది అన్న వివరాలన్నీ ఒక అనుబంధానికి వదిలేశారు. అది 2026 మే నాటి సభ ముందుకు రావాలని, అది ఆమోదం పొందాకే ఒప్పందాన్ని సంతకాలకు తెరవాలని, 60 దేశాలు ధ్రువీకరిస్తేనే అమల్లోకి రావాలని నిర్ణయించారు. కష్టమైన భాగాన్ని చివరికి నెట్టి విజయాన్ని ముందు ప్రకటించుకోవడం అంతర్జాతీయ చర్చల్లో పాత అలవాటే. నా దృష్టిలో ఆ అనుబంధమే అసలు ఒప్పందం.

దీనికన్నా తక్కువ శబ్దంతో వచ్చిన మార్పు, అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనల సవరణ. 2024 జూన్ 1న ఆమోదం పొంది 2025 సెప్టెంబరు 19న అమల్లోకి వచ్చిన ఈ సవరణలు, ఇప్పటి దాకా ఉన్న అత్యవసర పరిస్థితి ప్రకటన పైన మహమ్మారి అత్యవసర పరిస్థితి అనే మరో మెట్టును చేర్చాయి. అమెరికా వీటిని తిరస్కరించింది, 2026 జనవరి 22 నాటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ నుంచే వైదొలగింది. ఆ సంస్థ 2026-27 బడ్జెట్ ప్రతిపాదిత 5.3 బిలియన్ డాలర్ల నుంచి 4.2 బిలియన్లకు తగ్గింది, సభ్యదేశాలు తమ తప్పనిసరి చందాను 20 శాతం పెంచుకోవడానికి అంగీకరించడం మాత్రం ఊరట కలిగించే విషయం.

ఒప్పందాన్ని అందరూ కలిసి రాసుకుంటుండగానే, దాని పక్కన మరో దారి తెరుచుకుంది. 2025 సెప్టెంబరులో అమెరికా ప్రకటించిన కొత్త ప్రపంచ ఆరోగ్య వ్యూహం ప్రకారం, సహాయం ఇకపై స్వచ్ఛంద సంస్థల ద్వారా కాక, ఒక్కో ప్రభుత్వంతో విడిగా కుదిరే ఒప్పందాల ద్వారా వెళ్తుంది. మొదటి ఒప్పందం డిసెంబరు 4న కెన్యాతో కుదిరింది: ఐదేళ్లలో అమెరికా 1.6 బిలియన్ డాలర్ల వరకు ఇస్తుంది, కెన్యా తన ఆరోగ్య ఖర్చును 850 మిలియన్ డాలర్ల మేర పెంచుకుంటుంది. సహాయం దేశ ప్రభుత్వ వ్యవస్థ ద్వారా నడవడం, ఆ దేశమూ సొంత డబ్బు పెట్టడం, ఈ రెండింటినీ ఆఫ్రికా నాయకులు ఏళ్ల తరబడి కోరుతున్నదే కాబట్టి నేను తప్పుపట్టను. చిక్కు వచ్చింది సమాచారం దగ్గర. వారం తిరిగేసరికి, ఒక వినియోగదారుల సంఘం వేసిన వ్యాజ్యంపై నైరోబీలోని హైకోర్టు, పౌరుల ఆరోగ్య సమాచారాన్ని, రోగ వ్యాప్తి సమాచారాన్ని బదిలీ చేసే భాగం అమలును తాత్కాలికంగా నిలిపివేసింది. సమాచారం కెన్యా చట్టాల రక్షణలోనే ఉంటుందని ప్రభుత్వం అంటోంది. రక్తస్రావం అధ్యయనానికీ, మలేరియా టీకా లెక్కకూ తన ఆసుపత్రులను, పల్లెలను ఇచ్చిన దేశమిది. అక్కడి పౌరులు ఇప్పుడు అడుగుతున్నది తమ లెక్క ఎవరి చేతికి, ఏ షరతుల మీద వెళ్తోందని. జెనీవాలో మహమ్మారి ఒప్పందపు అనుబంధం ఒక కొలిక్కి రాకముందే ఒక్కో దేశం డబ్బు కోసం విడివిడిగా ఇలాంటి సంతకాలు చేస్తూ పోతే, 12వ అధికరణం అమల్లోకి వచ్చే నాటికి అందరూ కలిసి బేరమాడుకోవడానికి వారి చేతుల్లో ఇంకా ఏం మిగులుతుందన్నది రాబోయే రోజుల్లో నేను గమనించబోయే విషయం.